తుంపర పట్టే జాలీ – 3వ పాఠం: గాలి ఎంత వేగంగా పోవాలి?

పోయిన పాఠంలో డీగ్యాసర్ టవర్ (నీళ్లలో కరిగిన గ్యాసును తీసేసే టవర్) దగ్గర ఆగాం. ధవళేశ్వరం నుంచి కాలవలో వచ్చే నీళ్లలో బైకార్బొనేట్లు ఉంటాయి. క్యాటయాన్ బెడ్ (నీళ్లలోని కాల్షియం, సోడియం లాంటివి పట్టుకుని బదులుగా ఆమ్లాన్ని వదిలే రెసిన్ గుళికల పొర) దాటగానే అవి కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. టవర్‌లో పైనుంచి నీళ్లు, కిందినుంచి బ్లోయర్ గాలి. గ్యాసు గాలితో పైకి పోతుంది, దాని వెంట తుంపరా పోతుంది. అది ఉత్త నీళ్లయితే గొడవ లేదు. క్యాటయాన్ దాటిన నీళ్లంటే ఆమ్లమే కదా!

అందుకే వెంట్ (టవర్ పైన గాలి బయటికి పోయే దారి) కింద తుంపర పట్టే డెమిస్టర్ ప్యాడ్ పెడతారు. 100 నుంచి 150 మిల్లీమీటర్ల మందాన తీగ అల్లిన దిండు. మనకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది కావాలి, మామూలు ఇనుముదైతే ఆమ్లం తినేస్తుంది.

దీన్ని జల్లెడ అనుకోకండి. లోపల నూటికి తొంభై పాళ్ల పైనే ఖాళీ. 10 మైక్రాన్ల బొట్టు ఆ సందుల్లో హాయిగా దూరిపోగలదు. మరి ఎలా ఆగుతుంది? కాలవగట్టు మలుపులో సైకిలు తిరిగిపోతుంది, కొబ్బరికాయల లోడుతో వేగంగా వచ్చిన లారీ తిరగలేక చేలోకి దిగుతుంది. గాలి సైకిలు, బొట్టు లారీ. తీగ చుట్టూ గాలి తిరుగుతుంది, బొట్టు తీగకు గుద్దుకుంటుంది. నాలుగు బొట్లు కలిసి బరువెక్కి కిందికి జారతాయి.

అంటే వేగం ఉండాలి. మరీ ఎక్కువైతే పట్టిన నీటినే గాలి మళ్లీ ఎగరగొడుతుంది. లెక్క ఇదీ: నీటి సాంద్రత ఘనమీటరుకు 996 కిలోలు, గాలిది 1.16. తేడాను గాలి సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే 29 చిల్లర. తీగ జాలీకి మామూలుగా వాడే గుణకం 0.107తో హెచ్చిస్తే సెకనుకు 3.1 మీటర్లు, అది పైహద్దు. అందులో మూడో వంతు (సుమారు 1 మీటరు) కంటే తగ్గితే సన్నబొట్లు గాలితోపాటే మలుపు తిరిగేస్తాయి. 0.6 మీటర్ల వ్యాసం టవర్, గంటకు 1200 ఘనమీటర్ల గాలి అయితే వేగం సెకనుకు 1.2 మీటర్లు వస్తుంది. పర్లేదు, కానీ బ్లోయర్ తగ్గించే వీలు పెద్దగా లేదు.

లెక్క సరిపోయినా పని చెడొచ్చు. కాకినాడ దగ్గర ఒక ప్లాంటులో షెడ్డు రేకులు ఒకవైపే తుప్పు పట్టాయి. అందరం సముద్రపు గాలి మీదికి నెట్టేశాం. చివరికి పొడి నీలి లిట్మస్ కాగితం కర్రకు కట్టి వెంట్ దగ్గర పట్టుకుంటే, క్షణాల్లో ఆవగింజలంత ఎర్రచుక్కలు పడ్డాయి. విప్పి చూస్తే ప్యాడ్ ఒక అంచు బెత్తెడు లేచి ఉంది. కట్టాల్సిన పట్టీ ఎవరో మర్చిపోయారు. గాలంతా ఆ సందులోంచే పోతోంది.

మీ బ్లోయర్ ప్లేటు మీది అంకె, టవర్ వ్యాసం రాసుకుని వేగం కట్టి ఉంచండి. 4వ పాఠంలో U ఆకారపు గొట్టంతో ప్యాడ్ మూసుకుపోయిందో లేదో చూద్దాం.