కోరాపుట్ కొండదారులకు టైర్ల ఎంపిక

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మోటార్‌సైకిల్ నడిపే మనవారు టైరు కొనే ముందు తమ ప్రయాణంలో తారు రోడ్డు ఎంత, మట్టిదారి ఎంత అన్నది నిజాయితీగా లెక్కవేసుకోవాలి. సాలూరు నుంచి జయపురం వరకు 26వ నంబరు జాతీయ రహదారి మీదే ఎక్కువగా తిరుగుతూ, ఎప్పుడో ఒకసారి 1,672 మీటర్ల దేవ్‌మాలి శిఖరం వైపు వెళ్లేవారికి 80/20 రకం, అంటే అధికభాగం రోడ్డుకోసం చేసిన టైరు, చాలు. పెద్ద గుబ్బల టైరు చూడటానికి ఎంత బాగున్నా, తడిసిన ఘాట్ మలుపుల్లో రోడ్డును తాకే రబ్బరు తక్కువై జారుతుంది, త్వరగా అరుగుతుంది కూడా.

రోజూ పల్లెల మట్టిదారుల్లో తిరిగేవారి సంగతి వేరు. వానాకాలంలో ఇక్కడి ఎర్రమట్టి ఇరుకు గాడుల్లో నిండిపోయి టైరును నున్నగా మార్చేస్తుంది కాబట్టి, మట్టిని విదిల్చేసేలా గుబ్బల మధ్య ఎడమున్న 50/50 రకమే, అంటే రోడ్డుకూ మట్టికీ సమానంగా చేసిన టైరే, వారికి మేలని నా గట్టి అభిప్రాయం.

సైజు మార్చవద్దు, ఉదాహరణకు హీరో ఎక్స్‌పల్స్ 200 బైకుకు ముందు 90/90-21, వెనుక 120/80-18 సరిపోతాయి. పక్కగోడపై నాలుగంకెల తయారీ సంకేతం తప్పక చదవండి: 2324 అంటే 2024లో 23వ వారం. మట్టిదారిలో గాలి ఐదారు పీఎస్‌ఐ తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, కానీ ట్యూబు టైరులో మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు నలిగి చిరుగుతుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపుకోవడానికి చేతిపంపు వెంట ఉంచుకోండి.