సొంత చేతులతో కారు పని – 4వ పాఠం: క్యాలిపర్ చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం

గత పాఠంలో చక్రం విప్పి, డిస్కునీ ప్యాడ్లనీ కంటితో చూసి, మళ్లీ బిగించడం నేర్చుకున్నాం. ఈసారి బ్రేకు చప్పుళ్లు. ముందే ఒక మాట చెప్పేస్తాను: చప్పుడు వస్తోందనగానే ప్యాడ్లు కొనకండి. ఏటిగట్ల మీదా కాలవ గట్ల మీదా బురదలో తిరిగే కార్లకి, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో రాత్రంతా బయట ఉండే కార్లకి, ప్యాడ్లు బాగానే ఉండి అవి కదలాల్సిన చోట్లు పట్టేయడం వల్ల వచ్చే చప్పుడే నేను ఎక్కువగా చూశాను. ఆ చోట్లు శుభ్రం చేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే డబ్బు ఖర్చవుతుంది, చప్పుడు మాత్రం తిరిగొస్తుంది.

మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకి డిస్కు, వెనక డ్రమ్ము ఉంటాయి. డిస్కుని రెండు పక్కలా ప్యాడ్లతో పట్టుకునే భాగమే క్యాలిపర్. ముందు చక్రాల క్యాలిపర్‌లో పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది. పెడల్ తొక్కితే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడ్‌ని అటు వైపు నుంచి డిస్కుకి ఆనిస్తుంది. వదిలాక పిస్టన్‌ని వెనక్కి లాగడానికి స్ప్రింగేమీ లేదు. పిస్టన్ చుట్టూ నాలుగు పలకల రబ్బరు సీలు ఒకటి ఉంటుంది. తొక్కినప్పుడు అది కాస్త మెలిపడుతుంది, వదలగానే సర్దుకుంటూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తీసుకొస్తుంది. డిస్కుకీ ప్యాడ్‌కీ మధ్య దొరికే సందు అంతే. పిన్ను పట్టేసినా, ప్యాడ్ చెవులు (రెండు చివర్లా ఉండే కొసలు) వాటిని పట్టుకునే ఇనుప బ్రాకెట్‌లో బిగుసుకున్నా ఆ కాస్త సందూ పోతుంది. ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది.

ముందు వినండి

స్పానర్ పట్టుకోవడానికి ముందు కారు తీసుకుని ఒకసారి తిరిగి రండి. పాటలు ఆపి, అద్దాలు దించి, ఒక పక్క ప్రహరీ గోడ ఉన్న వీధిలో మెల్లగా నడిపితే చప్పుడు గోడకి తగిలి స్పష్టంగా వినిపిస్తుంది. పెడల్ తొక్కితే చప్పుడు ఏమవుతోందన్నదే మనకి కావలసిన ఆచూకీ.

పొద్దున్నే తీసినప్పుడు రెండు మూడు బ్రేకుల దాకా గరగరమని తర్వాత ఆగిపోతే అది జబ్బు కాదు. రాత్రి మంచుకీ తేమకీ డిస్కు మీద పలుచగా తుప్పు పడుతుంది, ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. వాన తర్వాత, కారు కడిగిన తర్వాత కూడా ఇంతే.

మెల్లగా తొక్కినప్పుడు సన్నగా కీచుమని, గట్టిగా తొక్కితే ఆగిపోయే చప్పుడు ప్యాడ్ అదురు వల్ల వస్తుంది. ప్యాడ్ వెనక షిమ్ము (అదురు తగ్గించే పలుచని రేకు) లేకపోవడం, అక్కడ గ్రీజు ఎండిపోవడం, ప్యాడ్ ముఖం నున్నగా మెరుపెక్కడం దీనికి కారణాలు. కానీ ప్యాడ్ అరిగిపోయిందని చెప్పడానికి పెట్టిన చిన్న ఇనుప నాలుక కూడా ఇలాగే కీచుమంటుంది. కొన్ని కార్లలో అది బ్రేకు వేయకపోయినా కూస్తుంది. కాబట్టి కీచుమంటే ముందు ప్యాడ్ మందం చూడాలి. వెనక ఉన్న ఇనుప పలక కాకుండా మందు, అంటే డిస్కుకి రాసుకుని అరిగే పొర, 3 మిల్లీమీటర్లకి దిగిందంటే మార్చే వేళ అయినట్టే.

ఇనుము ఇనుముని కోస్తున్నట్టు మోటుగా గర్రుమంటే ఇక బండి తీయకండి. మందు అయిపోయి ఇనుప పలకే డిస్కుని తినేస్తోంది.

గతుకుల్లో బ్రేకు వేయకుండానే టకటకలాడే చప్పుడుని చాలామంది సస్పెన్షన్ మీదకి నెట్టేస్తారు. దీనికి ఒక పరీక్ష ఉంది. చించినాడ వంతెన మీదో, సిద్ధాంతం వంతెన మీదో అతుకులు వచ్చే చోట, వెనక ఎవరూ లేనప్పుడు, పెడల్ మీద కాలు ఊరికే ఆనించండి. చప్పుడు ఆగిపోతే ప్యాడ్లో, వాటిని పట్టుకునే క్లిప్పులో, పిన్నులో వదులున్నట్టు. ఆగకపోతే లింక్ రాడ్లూ బుష్‌లూ చూడాలి, అది వేరే పాఠం. రివర్స్ చేసి ముందుకి వచ్చాక మొదటి బ్రేకుకి ఒక్కసారి టక్కుమంటే ప్యాడ్ బ్రాకెట్‌లో ఇటు నుంచి అటు జరుగుతోంది. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని ఏరు దాటించే పడవ) ఎక్కించడానికి ముందుకీ వెనక్కీ సర్దుతున్నప్పుడు ఈ టక్కు బాగా తెలుస్తుంది.

చక్రంతో పాటు తిరుగుతూ, బ్రేకుతో సంబంధం లేకుండా స్‌స్‌స్ మని రాసుకుంటుంటే రెండు అవకాశాలున్నాయి. గట్టు రోడ్డు మీది చిన్న రాయి డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య ఇరుక్కుని ఉండొచ్చు. కాస్త వెనక్కీ ముందుకీ నడిపితే ఒక్కోసారి అదే రాలిపోతుంది. లేదంటే క్యాలిపర్ పట్టేసింది. పట్టేసిందీ లేనిదీ వేడి చెబుతుంది. మన డెల్టాలో రోడ్లన్నీ చదును కాబట్టి ఈ పరీక్ష మనకి సులువు. ఐదారు కిలోమీటర్లు వీలైనంత బ్రేకు వాడకుండా నడిపి, ఖాళీ చోట వేగం తగ్గనిచ్చి బండి దానంతట అదే ఆగేలా చూడండి. దిగి, కుడి ఎడమ చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది. ఒక దాని నుంచే సెగ కొడుతుంటే అదే మన చక్రం. ఆ వేడి మీద నీళ్లు మాత్రం కొట్టకండి, డిస్కు వంకర తిరుగుతుంది.

విప్పడం

చక్రం విప్పే పద్ధతి గత పాఠంలోదే: హ్యాండ్‌బ్రేక్, మొదటి గేరు, వెనక చక్రాలకి అడ్డుచెక్కలు, నట్లు నేల మీదే వదులు చేసుకోవడం. ఒక్కటి మళ్లీ చెప్పాలి. మనది ఒండ్రు నేల. పెరట్లో గట్టిగా కనిపించిన చోట కూడా జాకీ అడుగు మెల్లగా దిగబడుతుంది. సిమెంటు చేసిన చోటే పని పెట్టుకోండి. జాకీతో పాటు స్టాండు తప్పనిసరి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చెయ్యి పెట్టొద్దు.

స్టీరింగ్ పక్కకి తిప్పితే క్యాలిపర్ వెనక భాగం బయటికి వస్తుంది. ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి. కింది పిన్ను బోల్టు చాలా చిన్న కార్లలో 12, 13 లేదా 14 నంబరు స్పానర్‌కి వస్తుంది. బోల్టు తిప్పేటప్పుడు పిన్ను కూడా తిరిగి రబ్బరు బూటు మెలిపడుతుంది, అందుకే పిన్ను తలని ఇంకో స్పానర్‌తో పట్టుకోండి. కింది బోల్టు తీశాక చాలా కార్లలో క్యాలిపర్‌ని పైకి మడవొచ్చు. మొత్తం తీయాల్సి వస్తే కాయిల్ స్ప్రింగ్‌కి తీగతో కట్టండి. బ్రేకు పైపు మీద వేలాడనివ్వొద్దు. ఏబీఎస్ వైరు అక్కడే ఉంటుంది, దాన్ని లాగొద్దు. క్యాలిపర్ ఊడి ఉండగా ఎవరూ పెడల్ తొక్కకుండా చూడండి. తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

బయటికి తీసిన రెండు ప్యాడ్లనీ పక్కపక్కన పెట్టండి. రెండూ సమానంగా అరిగి ఉంటే పిన్నులూ పిస్టన్ సరిగానే ఉన్నాయన్నమాట. చప్పుడు క్లిప్పుల్లోనో షిమ్ముల్లోనో ఉంటుంది. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మందంగా ఉంటే క్యాలిపర్ జరగడం లేదు, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ ఒక చివర పలుచగా, రెండో చివర మందంగా ఉంటే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసింది. పాత చెక్కబల్ల సొరుగు ఒక పక్క పట్టేస్తే రెండో పక్క మాత్రమే ముందుకొచ్చి వంకరగా ఇరుక్కున్నట్టు, క్యాలిపర్ కూడా వంకరగానే నొక్కుతుంది.

అంబాజీపేట వైపు మాకు తెలిసిన మాస్టారి కారు సంగతి ఇదే. "ఉదయం పూటేనాండీ చప్పుడు?" అని అడిగితే, "ఆయ్, రోజంతానండి. మొన్ననే ప్యాడ్లు మార్పించానండి, అయినా ఇంతేనండి" అన్నారు. ఎడమ చక్రం విప్పాం. పై పిన్ను వేలితో లాగితే వచ్చేసింది. కింది పిన్ను కదల్లేదు. దాని రబ్బరు బూటుకి మడతలో సన్నటి చీలిక ఉంది. అటూ ఇటూ తిప్పుతూ లాగితే చివరికి వచ్చింది. దాంతో పాటు చిక్కటి గోధుమరంగు నీళ్లు నాలుగు చుక్కలు రాలాయి. పిన్ను సగం నున్నగా ఉంది, సగం గుంటలు పడి గరుకెక్కింది. కాలవ నీళ్లో వాన నీళ్లో ఆ చీలికలోంచి దూరి గ్రీజుని కడిగేశాయి. కొత్త ప్యాడ్ అప్పటికే ఒక చివర బాగా అరిగిపోయింది. ప్యాడ్లు మార్చినవాళ్లు ఆ పిన్ను ఒక్కసారి బయటికి లాగి చూసి ఉంటే మాస్టారికి ఆ ప్యాడ్ల డబ్బు మిగిలేది. అందుకే ఈ పాఠంలో పిన్ను దగ్గర ఇంతసేపు ఆగుతున్నాను.

పిన్నులు, క్లిప్పులు

రెండు పిన్నులూ ఒకేలా ఉండవు. కొన్ని కార్లలో ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది. ఏది పైది, ఏది కిందిది గుర్తు పెట్టుకోండి. పాత గ్రీజుని బ్రేక్ క్లీనర్‌తోనూ గుడ్డతోనూ పూర్తిగా తీసేయండి. పిన్ను దూరే రంధ్రాన్ని కూడా సన్నటి పుల్లకి గుడ్డ చుట్టి తుడవండి. చాలామంది పిన్ను తుడిచి రంధ్రాన్ని వదిలేస్తారు, బురదంతా అక్కడే ఉంటుంది. పైపైన తుప్పయితే సన్న ఎమరీ కాగితంతో పోతుంది. వేలితో తడిమితే గుంటలు తెలుస్తుంటే ఆ పిన్ను మార్చాల్సిందే. బూటు చిరిగినా అంతే. పిన్నులూ బూట్లూ కలిపి కిట్టుగా దొరుకుతాయి.

గ్రీజు విషయంలో పట్టుదలగా ఉండండి. డబ్బా మీద బ్రేక్ క్యాలిపర్‌కని రాసి ఉన్న సిలికాన్ గ్రీజే కావాలి. బేరింగులకి వాడే మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ ఈ రబ్బరుని ఉబ్బించి మళ్లీ పట్టేసేలా చేస్తాయి. ఇంట్లో ఎంత కొబ్బరినూనె ఉన్నా ఇక్కడ పనికిరాదు, ఆ వేడికి నిలవదు. పూత పలుచగా చాలు. ఎక్కువ పూస్తే రంధ్రం అడుగున గాలి బిగుసుకుని పిన్ను బయటికి తన్నుకొస్తుంది. పిన్ను లోపలికి పెట్టాక బూటు అంచు దాని గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తిప్పి చూడండి. ఇప్పుడు పిన్ను రెండు వేళ్లతో లోపలికీ బయటికీ జారాలి.

ఇక ప్యాడ్ చెవులు కూర్చునే స్టీలు క్లిప్పులు. క్లిప్పు తుప్పు పట్టదు, దాని కింద ఉన్న బ్రాకెట్ పడుతుంది. తుప్పు ఉబ్బి క్లిప్పుని పైకి తోస్తుంది, ప్యాడ్ బిగుసుకుంటుంది. సముద్రం పక్క ఊళ్లలో కార్లకి, సంక్రాంతికి తప్ప షెడ్డులోంచి కదలని కార్లకి ఇది మరీ ఎక్కువ. క్లిప్పులు ఊడదీసి, బ్రాకెట్‌ని తీగ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, క్లిప్పులు మళ్లీ పెట్టండి. వదులైనవీ వంగినవీ మార్చేయండి, గతుకుల్లో టకటకకి ముఖ్య కారణం అవే. ప్యాడ్ క్లిప్పుల్లోకి చేత్తో జారాలి. సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే తుప్పు ఇంకా ఉందన్నమాట.

ఈ పనంతా చేసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. ప్యాడ్ పొడిని నోటితో గానీ గాలితో గానీ ఊదొద్దు, క్లీనర్‌తో తడిపి తుడవండి.

ప్యాడ్ వెనక, పిస్టన్ ఆనే చోట, చెవుల దగ్గర అదే గ్రీజు వేలితో రాసీ రాయనట్టు పూయండి. ప్యాడ్ ముఖానికీ డిస్కుకీ అంటకూడదు. గ్రీజో బ్రేక్ ఆయిలో పీల్చిన ప్యాడ్‌ని ఎంత కడిగినా నమ్మలేం, మార్చాలి. మారిస్తే రెండు చక్రాలకీ మార్చాలి, డిస్కుకీ అదే నియమం. డిస్కు ఎంత వరకు అరగొచ్చో దాని మీదే మిల్లీమీటర్లలో పోసి ఉంటుంది.

పిస్టన్, బిగింపు

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత వదులు చేయండి. పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంపుతో పిస్టన్‌ని మెల్లగా నొక్కండి. డబ్బాలో మట్టం పెరుగుతుంది, పొంగకుండా చూస్తుండండి. చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేస్తుంది. పిస్టన్ ఒకే తీరున జారితే మంచిది. మొరాయించినా, చుట్టూ ఉన్న బూటు చిరిగినా, తడి కనిపించినా అక్కడితో ఆపి మేస్త్రీకి చూపించండి. వెనక చక్రాలకి కూడా డిస్కులుండి, హ్యాండ్‌బ్రేక్ ఆ క్యాలిపర్‌లోనే ఉంటే పిస్టన్‌ని తిప్పుతూ నొక్కాల్సిన రకం కావచ్చు. దానికి క్లాంపు పెట్టకండి.

బోల్టులు ఎంత బిగించాలో మీ కారు సర్వీస్ పుస్తకంలోని అంకె ప్రకారం టార్క్ రెంచితో బిగించండి. పిన్ను బోల్టులు చిన్నవి, బలమంతా చూపిస్తే మరలు పోతాయి. చక్రం పెట్టాక నట్లు ఎదురెదురుగా బిగించండి. కారు కదిలించడానికి ముందు పెడల్‌ని గట్టిపడేదాకా పదేపదే తొక్కండి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంది కాబట్టి మొదటి తొక్కులు ఉత్తుత్తివే. ఇది మర్చిపోతే బండి గేటు దగ్గర ఆగదు. తర్వాత ఆయిల్ మట్టం చూసి మూత బిగించండి.

కొత్త ప్యాడ్లు వేసి ఉంటే ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు తగ్గించండి. మధ్యలో డిస్కు చల్లారడానికి కాస్త దూరం నడపండి. పొద్దున్నే రోడ్డు మీద వడ్లు పోయకముందు చూసుకుంటే మేలు.

ఈ వారం పని: ఇంకా ఏమీ విప్పకుండా, పైన చెప్పిన వినికిడి పరీక్షలూ వేడి పరీక్షా చేసి, ఏ చక్రం, ఎప్పుడు, పెడల్ తొక్కితే ఏమైందీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఆదివారం ఆ చక్రం ఒక్కటే విప్పండి. అది బిగించి, నడిపి చూశాకే రెండోది.

వచ్చే పాఠం బ్రేక్ ఆయిల్ మార్చడం. డాట్ 3, డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ రకాలు రెండూ గాలిలో తేమని పీల్చుకుంటాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. సన్నటి పారదర్శక గొట్టం ఒక మీటరు, ఖాళీ నీళ్ల సీసా ఒకటి, పెడల్ తొక్కడానికి ఇంట్లో ఒక మనిషి, ఈ మూడూ సిద్ధం చేసుకోండి. మీ కారుకి ఏ డాట్ కావాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది, అది చూశాకే ఆయిల్ కొనండి.