పినియన్ కోణం కొలవడానికి చిన్న చిట్కా

1969 షెవర్లే కమారో లాంటి లీఫ్ స్ప్రింగ్ (వెనక యాక్సిల్‌ని మోసే పట్టీల స్ప్రింగు) బండి గంటకు 60 మైళ్లు దాటగానే సీటు కింద గుయ్‌మని వణుకుతోందా? పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ తిప్పే, వెనక యాక్సిల్‌లోని చిన్న గేరు) కోణం తప్పినా ఇలాగే వణుకుతుంది. టైర్ల బ్యాలెన్సింగ్‌కి మళ్లీ డబ్బు పెట్టేముందు యాంగిల్ గేజ్ (వాలు కొలిచే పరికరం) తీసుకుని బండి కిందికి దూరండి. బండి బరువంతా చక్రాల మీదే ఉండాలి, ట్యాంకు సగం నిండి ఉండాలి, సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టండి.

గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ వాలు, పినియన్ వాలు రాసుకోండి. రెండూ సమాంతరంగా ఉన్నచోటి నుంచి పినియన్ ముక్కు (డ్రైవ్‌షాఫ్ట్ కలిసే ముందు కొస) 2 డిగ్రీలు కిందికి ఉంటే చాలు; యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు అది ఎలాగూ పైకి లేస్తుంది. తేడా ఉంటే స్ప్రింగుకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు షిమ్ (ఒక వైపు మందంగా ఉండే లోహపు చీలిక) పెట్టండి. ముక్కు దిగాలంటే దాని మందం వైపు వెనక్కి ఉండాలి. స్టీలుదే కొనండి, అల్యూమినియం నలుగుతుంది.

స్ప్రింగులు నీరసించి మెలితిరుగుతుంటే మాత్రం ఎన్ని షిమ్‌లు పెట్టినా కోణం నిలవదు. ముందు స్ప్రింగులు మార్చాలి, లేదా ట్రాక్షన్ బార్లు (యాక్సిల్ మెలితిరగకుండా ఆపే కడ్డీలు) బిగించాలి.