స్పోర్ట్స్ కార్లను పోల్చి చూడటం ఎలా: నడిపే అనుభూతి, విలువ, అరుదుతనం

రెండు స్పోర్ట్స్ కార్లను పక్కపక్కన పెట్టినప్పుడు చాలామంది చూపు మొదట హార్స్‌పవర్ మీదికి, వెంటనే సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకునే సమయం మీదికి పోతుంది. అవి తేలికగా దొరికే అంకెలు, తేలికగా పోల్చదగిన అంకెలు. అందువల్ల నిర్ణయం కూడా అక్కడే జరిగిపోతుంది. అయితే నాలుగు తలుపుల ఎలక్ట్రిక్ కార్లు కుటుంబాన్నంతా కూర్చోబెట్టుకుని మూడు సెకన్లలోపే వంద అందుకుంటున్న ఈ రోజుల్లో, కేవలం వేగం కోసమే ఖరీదైన స్పోర్ట్స్ కారు కొనవలసిన అవసరం లేదు. కొనేవారు నిజంగా డబ్బు పెట్టేది మూడింటి మీద: నడిపేటప్పుడు కారు ఇచ్చే అనుభూతి, పెట్టిన డబ్బుకు దక్కే విలువ, ఆ కారు ఎంత అరుదైనదన్న సంగతి. వీటిని ఈ వరుసలోనే తూచాలని నా అభిప్రాయం. నడపడానికి బాగున్న కారుకు కాలక్రమంలో మిగిలిన రెండూ సమకూరడం తరచుగా కనబడుతుంది. అరుదుతనం ఒక్కటే ఉన్న కారుకు మాత్రం నడిపే ఆనందం ఆ తరువాత వచ్చి చేరదు.

అంకెలను ముందు ఒకే కొలతకు తేవాలి

తయారీదారులు ప్రకటించే అంకెలు అబద్ధాలు కావు గానీ, అన్నీ ఒకే పద్ధతిలో కొలిచినవీ కావు. బరువు విషయమే చూడండి. ఇంధనం, ఇంజిన్ ఆయిల్, కూలెంట్ వంటివేవీ లేకుండా లెక్కించేది పొడి బరువు. ద్రవాలన్నీ నింపి, ట్యాంకులో 90 శాతం ఇంధనంతో లెక్కించేది జర్మనీ వారి డిన్ పద్ధతి. యూరోపియన్ యూనియన్ పద్ధతిలో దానికి తోడు డ్రైవరు, కొద్దిపాటి సామాను కింద 75 కిలోలు కలుపుతారు. మెక్‌లారెన్ 720ఎస్ పొడి బరువు, తేలికపాటి భాగాలన్నీ ఎంచుకున్నప్పుడు, 1,283 కిలోలు. అదే మోడల్ డిన్ బరువు 1,419 కిలోలు. ఒక కారు పొడి బరువును మరొక కారు డిన్ బరువు పక్కన పెట్టి చూసినవారికి, లేని తేడా వంద కిలోలకు మించి కనబడుతుంది.

వేగం అందుకునే సమయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. అమెరికా పత్రికలు చేసే పరీక్షలలో కారు మొదటి అడుగు దూరం కదిలిన తరువాతనే సమయం లెక్కించడం మొదలుపెడతారు. అప్పటికే కారు కదులుతూ ఉంటుంది కనుక ఫలితం సెకనులో పావు వంతు దాకా మెరుగ్గా కనబడుతుంది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద ఒక చుట్టుకు, అంటే ల్యాప్‌కు, పట్టే సమయాల సంగతి ఇంకా స్పష్టం. 992 తరానికి చెందిన పోర్షే 911 జీటీ3 ఒకే ల్యాప్‌కు రెండు సమయాలు ఉన్నాయి: పాత లెక్క ప్రకారం 20.6 కిలోమీటర్లకు 6 నిమిషాల 55.34 సెకన్లు, 20.8 కిలోమీటర్ల పూర్తి దూరానికి 6 నిమిషాల 59.927 సెకన్లు. ఆ ల్యాప్ వేసినప్పుడు కారుకు ఉన్నవి ట్రాక్ కోసం రూపొందించిన, రోడ్డు మీద కూడా అనుమతి ఉన్న మిషెలిన్ కప్ 2 ఆర్ టైర్లు. పొడి తారు మీద వేడెక్కిన అలాంటి టైరు ఇచ్చే లాభాన్ని కారు గొప్పతనంగా భావించడం పొరపాటు. కనుక దూరం, టైరు, బరువు పద్ధతి ఈ మూడూ కలిసిన అంకెలను మాత్రమే పక్కపక్కన రాసుకుని, కలవనివాటిని కొట్టివేయడం మంచిది. కొట్టివేసిన తరువాత మిగిలేవి తక్కువే.

నడిపే అనుభూతిని పరీక్షించడం

దీనికి కొలమానం లేదు గానీ, పద్ధతి ఉంది. పోల్చదలచిన కార్లను వీలైనంత వరకు ఒకే రోజు, ఒకే దారిలో నడపాలి. వారం తేడాతో నడిపితే గుర్తుండేది కారు కంటే ఎక్కువగా ఆ రోజు వాతావరణం, మన ఉత్సాహం. బయలుదేరే ముందు రెండు కార్ల టైరు గాలి ఒత్తిడి తయారీదారు చెప్పినట్లుగా ఉందో లేదో చూడాలి. షోరూములో చాలాకాలం కదలకుండా ఉన్న కారులో గాలి తప్పుగా ఉండటం మామూలే. దానివల్ల మంచి స్టీరింగ్ కూడా మొద్దుగా తోస్తుంది. డ్రైవింగ్ మోడ్‌ను మొదట సాధారణ స్థితిలోనే ఉంచాలి. స్పోర్ట్ మోడ్‌లో కారు ఇచ్చే మొదటి ఉత్సాహం చాలావరకు ఎగ్జాస్ట్ శబ్దం, యాక్సిలరేటర్ తొందరపాటు వల్ల వచ్చేదే.

పరీక్షను నెమ్మదిగా మొదలుపెట్టాలి. గంటకు నలభై, యాభై కిలోమీటర్ల వేగంలో ఏమీ చెప్పని కారును రోడ్డు మీద ఎంత సేపు నడిపినా అది ఏమీ చెప్పదు, ఎందుకంటే ఇలాంటి కార్ల హద్దులను చట్టబద్ధమైన వేగంలో ఎవరూ చేరలేరు. గతుకుల మీద వెళ్తున్నప్పుడు ముందు టైర్ల కింద ఏముందో చేతులకు తెలుస్తోందా, మలుపులో స్టీరింగ్ బరువు క్రమంగా పెరుగుతోందా, మధ్య స్థానం నుంచి కొద్దిగా తిప్పగానే కారు ముక్కు కదులుతోందా అన్నవి గమనించాలి. 2011లో వచ్చిన 991 తరంతో పోర్షే 911 ద్రవ ఒత్తిడితో సాయపడే హైడ్రాలిక్ స్టీరింగ్‌ను వదిలి ఎలక్ట్రిక్ మోటారు సహాయానికి మారినప్పుడు అభిమానులు గోల పెట్టినది ఈ సమాచారం తగ్గిందనే. తరువాతి సంవత్సరాలలో ఎలక్ట్రిక్ స్టీరింగ్ చాలా బాగుపడింది. అయినా 720ఎస్‌లో హైడ్రాలిక్ సహాయాన్నే నిలుపుకున్న మెక్‌లారెన్‌ను, స్టీరింగ్‌కు ఏ సహాయమూ లేని తొలి లోటస్ ఎలీస్‌ను నడిపి చూస్తే స్టీరింగ్ ఎంత సమాచారం ఇవ్వగలదో తెలుస్తుంది. 1996లో వచ్చిన ఆ ఎలీస్ బరువు సుమారు 725 కిలోలు. బరువు తక్కువైతే సహాయం అక్కర్లేదు, సన్నని టైర్లు సరిపోతాయి, బ్రేకులు చిన్నవైనా చాలు, సస్పెన్షన్‌ను రాయిలా బిగించవలసిన పని ఉండదు. ఒక్క గుణం నాలుగు గుణాలను వెంట తెస్తుంది. అందుకే 252 హార్స్‌పవర్, సుమారు 1,100 కిలోల బరువు ఉన్న ఆల్పీన్ ఏ110 తనకంటే రెట్టింపు శక్తి ఉన్న కార్ల పక్కన ధైర్యంగా నిలబడుతుంది.

ఇంజిన్‌ను అంచనా వేయడానికి పూర్తి వేగం అక్కర్లేదు. మూడో గేరులో, తక్కువ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర యాక్సిలరేటర్‌ను సగం నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాలి. కాలు కదిలిన ప్రతిసారీ ఇంజిన్ వెంటనే, అంతే మోతాదులో స్పందిస్తోందా? ఎగ్జాస్ట్ బలంతో అదనపు గాలిని లోపలికి నెట్టే టర్బో ఇంజిన్లు మధ్యస్థాయిలో బలంగా లాగుతాయి, నిత్యం నడిపేవారికి అది నిజమైన సౌకర్యం. టర్బో లేని ఇంజిన్లు మాత్రం పైకి వెళ్లే కొద్దీ శక్తిని, శబ్దాన్ని కలిపి పెంచుతూ పోతాయి. 9,000 ఆర్‌పీఎం వరకు తిరిగే జీటీ3 నాలుగు లీటర్ల ఇంజిన్, 670 హార్స్‌పవర్ ఇచ్చే షెవర్లె కొర్వెట్ జెడ్06 ఐదున్నర లీటర్ల వీ8 (వి ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఈ కోవలో ఇటీవలి ఉదాహరణలు. లెక్సస్ ఎల్ఎఫ్ఏ వీ10 ఇంజిన్ ఐడిల్ (కారు ఆగి ఉండగా ఇంజిన్ తిరిగే వేగం) నుంచి 9,000 ఆర్‌పీఎంకు 0.6 సెకనులో చేరుతుంది. ముల్లు ఉన్న మీటరు అంత వేగాన్ని అందుకోలేదు కనుక దానికి డిజిటల్ మీటరు పెట్టారు.

గేర్‌బాక్స్ గురించి వాదనలు తెగవు. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ ఎప్పుడూ మనిషి కంటే వేగంగా మారుస్తుంది, ట్రాక్ సమయమే లక్ష్యమైతే ఇక ప్రశ్న లేదు. ట్రాక్ సమయం కంటే సాయంత్రం పూట సరదాగా నడపడం ముఖ్యమైనవారికి నా సలహా మాన్యువల్. బ్రేకు పెడల్‌ను చల్లగా ఉన్నప్పుడు, పట్టణ వేగంలో కూడా పరీక్షించండి. కొన్ని కార్లలో మొదటి తాకిడికే ముందుకు తూలిపడేటంత పట్టు ఉంటుంది, మరికొన్నింటిలో కొంత దూరం ఖాళీగా దిగుతుంది. చివరగా, సీటులో గంటసేపు కూర్చునే వీలుందా, ముందు రోడ్డు, పక్క అద్దాలు బాగా కనబడుతున్నాయా అన్నది చూసుకోవాలి. మలుపు ఎక్కడ మొదలవుతుందో కనబడని కారును ఎవరూ నమ్మకంగా నడపలేరు.

విలువను లెక్కగట్టడం

కారు విలువ అంటే కొన్న ధర కాదు. కొన్న ధరకు, కొన్నేళ్ల తరువాత అమ్మగలిగే ధరకు మధ్య ఉన్న తేడాకు బీమా, సర్వీసు, టైర్లు, బ్రేకులు కలిపి, ఆ మొత్తాన్ని నడపబోయే కిలోమీటర్లతో భాగిస్తే వచ్చేదే అసలు ఖర్చు. ఈ లెక్క వేసినప్పుడు చౌకగా కనిపించిన కారు ఖరీదు కావచ్చు, ఖరీదైనది చౌక కావచ్చు. 2020 మోడల్‌గా వచ్చిన ఎనిమిదో తరం కొర్వెట్ అరవై వేల డాలర్లలోపు మొదలై, ఇంజిన్‌ను సీట్ల వెనుక ఉంచి, పనితీరును పెంచే జెడ్51 ప్యాకేజీతో మూడు సెకన్లలోపే గంటకు 60 మైళ్లు అందుకుంది; కొత్త కార్లలో డబ్బుకు దక్కే వేగం విషయంలో దీనితో పోటీ కష్టం. పాత కార్లలో చూస్తే, మొదటి యజమాని భరించిన ధర పతనమే రెండో యజమానికి లాభం. 720ఎస్ లాంటి కార్లు కొత్తవిగా కొన్నవారికి బాగా నష్టం తెచ్చాయి, అదే కారణంగా పాతవిగా కొనేవారికి ఆకర్షణీయంగా ఉన్నాయి. అయితే కారు ధర పడిపోతుంది గానీ విడిభాగాల ధర పడిపోదన్న సంగతి ఇక్కడే గుర్తుంచుకోవాలి.

ఆప్షన్ల మీద పెట్టిన డబ్బులో అధికభాగం అమ్మేటప్పుడు తిరిగి రాదు. మంచి సీట్లు, ముందు ఇరుసును పైకెత్తే సౌకర్యం వంటివి కొనేవారు వెతుకుతారు. వ్యక్తిగత రుచికి తగ్గ లోపలి అలంకారం ఎవరికీ అక్కర్లేదు. కార్బన్ సిరామిక్ బ్రేకులు రోడ్డు మీద ఏళ్ల తరబడి మన్నుతాయి, ట్రాక్ మీద తరచూ వాడితే అరుగుతాయి, మార్చవలసి వస్తే ఖర్చు గుండె ఆగేటంత ఉంటుంది. తరచూ ట్రాక్‌కు వెళ్లేవారు ఇనుప డిస్కులే ఎంచుకోవడానికి అదే కారణం. సర్వీసు ఖర్చు ఇంజిన్ నిర్మాణం మీద కూడా ఆధారపడుతుంది: ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజిన్‌ను కిందికి దించాలి, ఎఫ్430 నుంచి బెల్టు స్థానంలో చైన్ వచ్చింది. ఒకే సంస్థ, ఒకే వరుస కార్లు, పూర్తిగా వేరు ఖర్చు.

పాత కారైతే స్వతంత్ర నిపుణుడితో తనిఖీ చేయించకుండా బేరం ముగించకూడదు. పోర్షే కార్లలో ఇంజిన్ హద్దు దాటి తిరిగిన సందర్భాలను దాని కంప్యూటర్ నమోదు చేసుకుంటుంది. మాన్యువల్ కారులో పొరపాటున కింది గేరు వేస్తే ఆ గుర్తు అక్కడ మిగిలిపోతుంది, ఆ వివరాలను తీయించి చూడాలి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచిన టైరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఆ కారును పరీక్షించినప్పుడు కలిగిన నిరాశ టైరుదే కావచ్చు.

అరుదుతనం

ఎన్ని తయారయ్యాయన్న లెక్క సగం కథ మాత్రమే. ఎంతమంది కోరుకుంటున్నారన్నది మిగిలిన సగం. 1988లో వీ12 ఇంజిన్, నాలుగు చక్రాల డ్రైవ్‌తో ప్రదర్శించిన జాగ్వార్ ఎక్స్‌జే220, అమ్మకానికి వచ్చేసరికి టర్బో వీ6 ఇంజిన్, వెనుక చక్రాల డ్రైవ్‌తో వచ్చింది. ఆర్థిక మాంద్యం కూడా తోడై, ముందుగా డబ్బు కట్టినవారిలో కొందరు వెనక్కి తగ్గి కోర్టుకెక్కారు. తయారైనవి మూడు వందల లోపే. ఫెరారీ ఎఫ్40లు 1,300కు పైగా తయారయ్యాయి. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ధర పలుకుతుందో కార్ల గురించి కొద్దిగా తెలిసినవారు కూడా చెప్పగలరు, అది జాగ్వార్ కాదు. పోర్షే కరెరా జీటీ 1,270 తయారై, కొన్నేళ్లపాటు కొత్త ధర కంటే తక్కువకే దొరికింది. మాన్యువల్ గేర్‌బాక్స్‌తో కలిసిన అలాంటి వీ10 ఇంజిన్ ఇక రాదని అర్థమైన తరువాత ధర పది లక్షల డాలర్లు దాటింది. 500 మాత్రమే తయారైన ఎల్ఎఫ్ఏ కూడా మొదట షోరూముల్లో కొనేవారి కోసం ఎదురుచూసినదే.

తయారీదారు సృష్టించిన కొరతను మాత్రం అనుమానంగా చూడాలి, ఎందుకంటే సృష్టించినవారే దాన్ని తీసివేయగలరు. 2016లో పోర్షే 911 ఆర్‌ను 991 కార్లకే పరిమితం చేసింది. మాన్యువల్ గేర్‌బాక్స్‌తో జీటీ3 స్థాయి ఇంజిన్ మరెక్కడా దొరకనందున దాని ధర అసలు ధరకు ఎన్నో రెట్లు పెరిగింది. మరుసటి ఏడాది మామూలు జీటీ3కి మాన్యువల్, వెనుక పెద్ద రెక్క లేని టూరింగ్ ప్యాకేజీ రాగానే ఆ ధర దిగింది. కొన్ని పరిమిత కార్లతో ఒప్పందాలు కూడా వస్తాయి: 2016లో దరఖాస్తులు పిలిచి అమ్మిన ఫోర్డ్ జీటీని రెండేళ్లపాటు తిరిగి అమ్మకూడదన్న షరతు ఉండేది, ఉల్లంఘించినవారి మీద సంస్థ దావా వేసింది. సంతకం చేసే ముందు ఇలాంటి షరతులను చదివి, ఆ కాలంలో డబ్బు అవసరం పడితే ఏం చేయాలో ఆలోచించుకోవాలి.

నిజంగా నడపదలచినవారికి అత్యంత అరుదైన కారు ఇబ్బందే తెస్తుంది. అలాంటి కారు ధర ఓడోమీటరు చూపే, తిరిగిన కిలోమీటర్ల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ప్రతి ప్రయాణానికీ లెక్క గుర్తొస్తుంది, గ్యారేజీలోనే ఉంచాలన్న ఆలోచన క్రమంగా బలపడుతుంది. 911 ఆర్‌కు, అదే తరం జీటీ3 టూరింగ్‌కు మధ్య తేల్చుకోలేనివారు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిప్పబోతున్నారో నిజాయితీగా రాసుకోవాలి. ఐదు వేలు దాటితే టూరింగ్ కొని, మిగిలిన డబ్బును టైర్లకు, ఇంధనానికి కేటాయించుకోవచ్చు.