దిగుమతి సుంకాన్ని ధర పక్కన చూపించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

అమెరికాలోని కొనుగోలుదారులకు ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మేవారు, ధరలో సుంకం వాటా ఎంతో విడిగా చూపదలచుకుంటే, పేజీని మార్చడానికి ముందే ఈ విషయాలు సరిచూసుకోవాలి.

మొట్టమొదట, సుంకాన్ని ఏ మొత్తంపై లెక్కిస్తున్నారో నిర్ధారించుకోండి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 20 డాలర్లకు దిగుమతి చేసుకున్న చొక్కాను 50 డాలర్లకు అమ్ముతున్నారనుకుందాం. 25 శాతం సుంకం పడేది కస్టమ్స్‌కు చూపిన 20 డాలర్ల విలువపై కాబట్టి అది 5 డాలర్లే అవుతుంది, 12.50 కాదు. సుంకం 25 శాతం గనుక ధర కూడా అంతే పెరిగిందని రాస్తే కొనేవారిని తప్పుదోవ పట్టించినట్టే. విదేశం నుంచి నేరుగా ఇంటికే పంపే పార్శిల్‌కు మాత్రం సాధారణంగా కొనుగోలుదారు చెల్లించిన ధరే ఆధారమవుతుంది.

అమెరికాకు వచ్చే 800 డాలర్ల లోపు పార్శిళ్లకు సుంకం నుంచి ఉన్న మినహాయింపు చైనా, హాంకాంగ్ సరుకుకు 2025 మే 2న, మిగతా దేశాల సరుకుకు ఆగస్టు 29న ఆగిపోయింది. గుంటూరు నుంచి పచ్చళ్లు, పోచంపల్లి నుంచి చీరలు కొని తెప్పించుకునే కుటుంబాలకు ఈ సంగతి తప్పక తెలియజేయాలి.

సుంకం రేటు వస్తువు మూలదేశాన్ని బట్టి ఉంటుంది. మూలదేశమంటే వస్తువు తయారైన దేశమే గాని, బయలుదేరిన రేవు కాదు. రేటు పక్కన అది అమల్లోకి వచ్చిన తేదీని రాయండి. పాత రేటుకు గోదాము చేరిన సరుకుపై కొత్త సుంకం చూపకండి. ఆ డబ్బు ఎవరూ కట్టలేదు కదా. రవాణా ఖర్చును, అమ్మకపు పన్నును సుంకంలో కలపకండి.

పూర్తి మొత్తం కార్డు నంబరు అడగకముందే కనబడాలి. పార్శిల్ తెచ్చిన మనిషి గుమ్మం దగ్గర నిలబడి మరో 18 డాలర్లు అడిగే పరిస్థితి ఎవరికీ రాకూడదు.