పవర్ బీఐ డాష్‌బోర్డు నత్తనడక: నాకు పనిచేసిన పద్ధతి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసులో పవర్ బీఐతో (డేటాను చార్టులుగా చూపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) చేసిన అమ్మకాల డాష్‌బోర్డు తెరిస్తే చుక్కలు కనిపించేవి; ఫిల్టర్ మార్చినా అంతే. గేట్‌వే (ఆఫీసు డేటాను పవర్ బీఐకి చేరవేసే వంతెన), ఇంటర్నెట్ చూశాం, కొత్త ల్యాప్‌టాప్ కూడా అయింది, ఫలితం సున్నా.

పనిచేసింది ఇది. పవర్ బీఐ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో ఫైలుకు ఒక ఖాళీ పేజీ చేర్చి, ఆ పేజీ మీదే ఉండి సేవ్ చేసి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిచాను. లేదంటే క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉన్న పాత ఫలితాలు వచ్చి కొలత అబద్ధం చెబుతుంది. తర్వాత అందులోనే ఉండే, ఏది ఎంత సమయం తీసుకుందో కొలిచే పర్ఫార్మెన్స్ ఎనలైజర్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, అప్పుడు అసలు పేజీకి వెళ్లాను. ప్రతి విజువల్ (పేజీలోని చార్టు, కార్డు లాంటిది) కింద డాక్స్ క్వెరీ (డేటాను అడిగి తెచ్చే సమయం), విజువల్ డిస్‌ప్లే (తెర మీద గీసే సమయం), అదర్ (మిగతాది) అంటూ మిల్లీసెకన్లు వస్తాయి. అందరూ ముందు క్వెరీనే అనుమానిస్తారు; పాపం, మా దగ్గర దాని తప్పేమీ లేదు. సమయమంతా ‘అదర్’లో, అంటే ఎక్కువగా మిగతా విజువల్స్ పూర్తయ్యేదాకా వేచి ఉండటంలోనే పోతోంది. పేజీ నిండా ఒక్కో అంకె చూపే విడివిడి కార్డులు పరిచారు మరి! వాటన్నిటినీ ఒకే మల్టీ రో కార్డులోకి తెచ్చి, మళ్లీ ఖాళీ పేజీ నుంచే కొలిచాను. ‘అదర్’ బాగా తగ్గింది.

మాది ఇంపోర్ట్ మోడ్, అంటే డేటా కాపీ పవర్ బీఐలోనే ఉంటుంది. మీ దగ్గర డాక్స్ క్వెరీ అంకె పెద్దదైతే ఈ చిట్కా పెద్దగా పనికిరాకపోవచ్చు. ముందు మెజర్లు (లెక్కల ఫార్ములాలు), మోడల్ (టేబుళ్ల అమరిక) చూసుకోండి.