జిల్లేడు మీద పులిచారల సీతాకోకను కాపాడుకుందాం

నారింజ రంగు రెక్కలు, కొసల్లో నలుపు, అందులో తెల్లచుక్కలు, పొలంగట్లమీదా బీళ్లలోనూ తొందరపడకుండా తేలుతూ పోయే సీతాకోకను చూసే ఉంటారు. ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్ అంటారు. వెనక రెక్క మీద మూడు నల్లమచ్చలుంటే ఆడది, నాలుగుంటే మగది.

ఇది గుడ్లు పెట్టేది ఎక్కువగా జిల్లేడు ఆకుల మీదే. అందుకే మొదటి పని, గట్టు శుభ్రం చేసేటప్పుడు ఒకటి రెండు జిల్లేడు పొదలు వదిలేయండి, అంతకంటే పెద్ద మేలు లేదు. వినాయక చవితి పత్రికి ఆకు తెంపే ముందు కూడా దాన్ని తిప్పి చూడండి, అడుగున ఆవగింజకన్నా చిన్న తెల్లటి గుడ్డు ఒంటరిగా అంటుకుని ఉంటే వేరే ఆకు కోసుకోండి. పాలు కళ్లలో పడితే ప్రమాదం, చేతులు వెంటనే కడుక్కోవాలి.

కొద్ది రోజులకే నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగు వస్తుంది, వీపు మీద మూడు జతల నల్లటి మీసాలు. చూసి భయపడి మందు కొట్టకండి, అది మీ పంట జోలికి రాదు! జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు దీన్ని పెద్దగా ముట్టుకోవు. పెరిగాక తలకిందులుగా వేలాడి ప్యూపా (సీతాకోకగా మారే ముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది, దాన్ని కదిలించొద్దు.

తేనె కోసం గడ్డిచామంతి పీకకుండా ఉంచండి. జనుము వేస్తే మగవి దాని దగ్గరికి వస్తాయి, ఆడవాటిని ఆకర్షించే వాసనకు కావాల్సిన రసాయనాలు అందులో దొరుకుతాయి.